పక్షవాతం తర్వాత అద్దం పెట్టి కసరత్తు: ఎవరైనా చేయించారా?

కాకినాడ_కోడలు:
మా మామయ్యగారికి పక్షవాతం వచ్చి మూడు నెలలైంది. కర్ర పట్టుకుని నడుస్తున్నారు గానీ ఎడమ చెయ్యి ఒళ్లో పెట్టింది పెట్టినట్టే ఉంటోంది. ఫిజియో అద్దం పెట్టి చేయించమన్నారు. "కుడిచెయ్యి ఆడిస్తే ఎడమచెయ్యి ఎలా వస్తుందమ్మా?" అని ఆయన కసురుకుంటున్నారు. చేయించినవాళ్లు చెప్పండి.

బెజవాడ_బాబు:
మా అమ్మకి చేయించాం. పాత బీరువా అద్దాన్ని చెక్కకి బిగించి, టేబుల్ మీద అమ్మకి సరిగ్గా మధ్యలో నిలబెట్టాం. పడిపోయిన చెయ్యి అద్దం వెనక, మంచి చెయ్యి ముందు. చూపంతా అద్దంలోనే ఉండాలి. గుప్పిట మూయడం, తెరవడం, అరచెయ్యి తిప్పడం, అన్నీ నిదానంగా. మొదటి వారం అమ్మ విసుక్కుంది. ఫిజియో వచ్చి చూసి, తేడా గాజుల్లో ఉందన్నారు. వాపు వల్ల పడిపోయిన చేతికి గాజులు తీసేశారు, మంచి చేతికి ఉన్నాయి. అందుకే అద్దంలోది తన చెయ్యి అనిపించట్లేదు. అవీ తీసేద్దామంటే, నాన్న ఉండగా బోసిచేతులేంట్రా అంది! చివరికి వాపు తగ్గాక రెండో చేతికీ అవే ఎర్ర మట్టిగాజులు వేశాం. ఆ రోజు అద్దంలోకి చూసి "ఇది నాదే" అంది. ఆరో వారంలో బొటనవేలు కదిలింది. ఇప్పుడు గ్లాసు పట్టుకుంటుంది, జడ మాత్రం నేనే వేస్తున్నా.

వరంగల్_ఫిజియో:
దెబ్బ తగిలింది చేతికి కాదండీ, మెదడుకి. ఎడమచెయ్యి కదిలినట్టు కంటికి కనిపిస్తే, దాన్ని కదిలించే మెదడు భాగం మేల్కొంటుందని ఆలోచన. చెయ్యి తీసేశాక కూడా అక్కడే నొప్పి అనేవాళ్ల కోసం మెదడు శాస్త్రవేత్త వి.ఎస్. రామచంద్రన్ 1990లలో ఈ అద్దం వాడారు. పక్షవాతానికి పనికొస్తుందేమోనని 9 మందితో చేసిన చిన్న పరిశీలన 1999లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. వైద్య పరిశోధనలన్నీ కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2018 సమీక్ష 62 అధ్యయనాలు చూసి, కదలికకి మేలుందని తేల్చింది. మామూలు కసరత్తులు మానకూడదు, ఇది వాటికి తోడు మాత్రమే. రోజుకి అరగంట చాలు, పెద్దాయన అలసిపోతే రెండు విడతలు చేయండి. కళ్లు తిరిగితే ఆపేయండి.

సిద్దిపేట_సార్:
మా నాన్నకి రెండు నెలలు చేయించాం, వేళ్లలో మార్పేమీ లేదు. అయితే మేం మొదలుపెట్టిందే ఏడాది తర్వాత. అంతకుముందు పసరు మందులంటూ ఊళ్లు తిరిగాం. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ బాధే.

కాకినాడ_కోడలు:
బాబు గారూ, గాజుల మాట చదవగానే లేచి వెళ్లి చూశాను. ఎడమచెయ్యి పడిపోయాక మామయ్యగారు వాచీ కుడిచేతికి మార్చుకున్నారు! నిద్రలో కూడా తీయరు. అత్తయ్యగారితో చెప్పించాలి.