చలికాలం సాయంత్రాలు ఎట్ల గడుపుతాండారు? (మందు మానేసినోళ్లు చెప్పండి)

మాజీక్వార్టర్, అనంతపురం
అన్నలకు అక్కలకు నమస్తే. మానేసి నాలుగు నెలలైంది. వానల్లో ఎట్లనో నెట్టుకొచ్చినా గానీ ఈ డిసెంబర్ చంపుతాంది. ఆరుకే చీకటి, టవర్ క్లాక్ పక్క మిరపకాయ బజ్జీల వాసన తగిల్తే చాలు కాళ్లు వాటంతట అవే పాత దారి పట్టుకుంటాయి. పాత బ్యాచ్ ఏమో చలికి ఒక్క పెగ్గేరా, టానిక్ అనుకో అంటాండ్రు. కౌన్సెలింగ్‌లో కలిసినోళ్లం ఎనిమిది మందిమి ఉండాం, వాట్సాప్ గ్రూపు కూడా ఉంది, దాంట్లో గుడ్ మార్నింగ్ పూల బొమ్మలు తప్ప ఏం లేదు. అందరం కలిసి చేసేది ఏమన్నా చెప్పండి. ధ్యానం చెయ్యమని మాత్రం చెప్పొద్దండి, కండ్లు మూస్తే బాటిలే కనపడుతుంది.

తుంగభద్రగట్టు, కర్నూలు
తమ్ముడూ, అందరూ పొద్దున్నే లేచి వాకింగ్ పొమ్మంటారు, పొద్దున మనకి కష్టం ఎప్పుడుండె? ఏడుపంతా సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా. అందుకే మేము వాలీబాల్ ఆ టైముకే పెట్టుకున్నాం. మా వీధి గ్రౌండ్‌లో రెండు లైట్లు కట్టి, నెట్టుకు తలా రెండొందలు వేసుకున్నాం. ఓడినోళ్లు వేయించిన బుడ్డలు (శనక్కాయలు), టీ తేవాల. నాకు 52, ఎగిరి కొట్టేది లేదు, సర్వీస్ వేసి అరుస్తా అంతే. తొమ్మిదికి ఇంటికొచ్చి జొన్నరొట్టె తింటే నిద్ర ముంచుకొస్తుంది. ఆ టీ బుడ్డలు తీసెయ్యొద్దు, కడుపు ఖాళీగా ఉంటేనే మనసు అటు లాగుతుంది, నా అనుభవం.

పెన్నమ్మబిడ్డ, జమ్మలమడుగు
ఏం చెయ్యగూడదో నేను చెప్తా. పోయిన జనవరిలో ఆరుగురం గండికోటలో రాత్రి టెంట్లు వేసుకున్నాం. లోయ అంచున చలిమంట, చుక్కలు, అబ్బో. పదింటికి పక్క టెంట్ల పిల్లోళ్లు స్పీకర్ పెట్టి సీసాలు తీసినారు, గాలి మా పక్కకే. మాలో ఒకాయన నీళ్లు తెస్తానని పోయి గంటైనా రాలేదు. పోయి చూస్తే వాళ్ల మధ్యలో కూర్చోనుండాడు, గ్లాసు చేతిలో ఉంది, తాగలేదు. అట్లనే పట్టుకోని ఉండాడు. మెల్లగా గ్లాసు తీసి కింద పెట్టి భుజం పట్టుకోని తీసుకొచ్చినాం, ఎవరమూ ఏమీ అనలేదు. గండికోట పోవాలంటే తెల్లారుజామున పోండి, పెన్న మింద పొద్దు పొడిచేది చూసి ఉగ్గాని తిని మధ్యాహ్నానికి ఇంట్లో పడండి.

దానికంటే బెలూం గుహలు మేలు. 3229 మీటర్ల గుహ, టూరిస్టుల్ని కొంత దూరం వరకే పోనిస్తారనుకో, బయట చలి ఉన్నా లోపల చెమటలు కారతాయి. సాయంత్రమైతే మూసేస్తారు కాబట్టి రాత్రి గొడవే లేదు.

వార్డుడ్యూటీ, కడప
నేను ఆస్పత్రిలో పనిచేస్తా. చలికి పెగ్గు అనేది ఉత్త మాట. మందు తాగితే చర్మం కింద రక్తనాళాలు వెడల్పయి వెచ్చగా అనిపిస్తుంది గానీ ఒంట్లో వేడి బయటికి పోతుంది. ఇంకోటి, ఇది చదివి ఎవరన్నా రోజూ గట్టిగా తాగేవాళ్లు రేపట్నుంచే బంద్ అనుకుంటే ముందు డాక్టర్‌ని కలవండి, సడన్‌గా ఆపితే ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. ఫోన్‌లో మాట్లాడాలంటే 14446, ఫ్రీ. మనసు బాగలేకుంటే 14416.

గుత్తిఅక్క
మా ఆయన మానేసి రెండేళ్లు. ఈ మొగోళ్ల ప్రోగ్రాములన్నీ చూసినా, వీళ్లు ఆడుకుంటారు, మేము వంట చేసి క్యారియర్లు కట్టాల. పోయిన చలికాలం నేనే ఒక పని పెట్టినా. అనపకాయలు (సొరకాయ కాదు, చిక్కుడు జాతివి) ఐదు కిలోలు తెప్పించి అందరినీ మా మిద్దె మీద చాప మీద కూర్చోబెట్టినా. ఒకరోజు కాయలు వొలిచేది, మరుసటి రోజు నానిన గింజలు పితికేది. గింజ రెండు వేళ్ల మధ్య పెట్టి ఒత్తితే తోలు చేతిలో ఉంటుంది, పప్పు జర్రున జారి గిన్నెలో పడుతుంది, కొన్ని పక్కాయన ముఖం మింద పడతాయి. వాళ్లలో ఒక అన్నకి కొత్తగా మానేసినందుకు చేతులు వణికేవి, మొదటి వారం ఒక గింజకి అయిదు నిమిషాలు. సంకురాత్రికి ఆయనే అందరికంటే ఫాస్టు. రెండు చేతులూ పనిలో ఉంటే ఫోన్ కూడా ఎత్తరు, నాకు నచ్చింది అదే. పితికిపప్పు పులుసు, సంగటి. వండింది కూడా వాళ్లే, ఉప్పెక్కువ.

చెక్కభజన, ప్రొద్దుటూరు
మూడేండ్లు వరసగా అయ్యప్ప మాల వేసినా. 41 రోజులు వాసన కూడా చూడను, మాల తీసిన సాయంత్రమే బార్‌లో ఉంటా. అందరూ నాకు భక్తి లేదన్నారు, నేనూ అదే అనుకున్నా. తర్వాత తెలిసొచ్చింది, మాలలో ఉన్నప్పుడు రోజూ సాయంత్రం భజనకి పదిమంది స్వాములు నాకోసం చూస్తాండ్రి, రాకపోతే ఫోన్ చేస్తాండ్రి. మాల తీస్తానే ఆ పదిమందీ పోయినారు. ఇప్పుడు మేము కొందరం శనివారం శనివారం చెక్కభజన నేర్చుకుంటాన్నాం, ధనుర్మాసంలో అయితే తెల్లారుజామున కూడా. అడుగు తప్పితే పక్కోడి కాలు తొక్కుతాం, కాబట్టి వేరే ఆలోచన రాదు. దేవుడు వద్దనుకునేవాళ్లకి కోలాటం ఉంది, అడుగులు అవే తిప్పలు అవే.

ఏఏ (ఆల్కహాలిక్స్ అనానిమస్, మందు మానాలనుకునేవాళ్ల సంఘం) మీటింగులు కూడా ఇట్లాంటివే కదా, 1935లో అమెరికాలో ఒక షేర్ల వ్యాపారి, ఒక డాక్టరు, ఇద్దరూ తాగుబోతులే, కూర్చోని మాట్లాడుకోవడంతోనే మొదలైందంట.

మాజీక్వార్టర్, అనంతపురం
అందరికీ థ్యాంక్స్. గ్రూపులో పెట్టినా, అయిదుగురు సరే అన్నారు, ఒకడు బొమ్మ పంపినాడు. డిసెంబర్ 31 రాత్రి మా ఇంట్లోనే, అనపకాయలు నాలుగు కిలోలు చెప్పినా, పన్నెండు దాకా పితకడమే. అక్కా, ముందురోజే వొలిచి గింజలు నానెయ్యాలంటివి కదా, ఎన్ని గంటలు? ఇంకా బెలూంకి ఆదివారం పోతాన్నాం, షూ వేసుకోవాల్నా, చెప్పులు చాలునా?