సైట్‌మ్యాప్ పెడితే గూగుల్‌లో పైకి వస్తామా?

సెక్టార్9: మాది చిన్న ట్రావెల్స్, వైజాగ్ ఎంవీపీ కాలనీలో. మా సైటులో అరకు, బొర్రా, లంబసింగి, సింహాచలం అంటూ ట్రిప్పుకో పేజీ చొప్పున అరవై దాకా ఉన్నాయి. గూగుల్‌లో హోమ్ పేజీ తప్ప ఒక్కటీ కనబడదు. సైట్‌మ్యాప్ (సైటులోని పేజీల అడ్రసుల జాబితా ఫైలు) చేసి "అన్ని సెర్చ్ ఇంజన్లకీ సబ్మిట్" చేస్తానని ఒకాయన ఎనిమిది వేలు అడుగుతున్నాడు. ఫస్ట్ పేజీ గ్యారంటీ అట. ఇవ్వొచ్చా? చలికాలం సీజన్ దగ్గరికొచ్చేసింది, టెన్షన్‌గా ఉంది.

గాజువాక_బోల్టులు: ఇవ్వకండి గురూ. మీ సైటు వర్డ్‌ప్రెస్ (సైట్లు కట్టే సాఫ్ట్‌వేర్) మీద ఉంటే, 2020లో వచ్చిన 5.5 వెర్షన్ నుంచి సైట్‌మ్యాప్ దానంతటదే తయారవుతుంది. ఆ అడ్రసు సెర్చ్ కన్సోల్‌లో (సైటు ఓనర్ల కోసం గూగుల్ ఇచ్చే ఉచిత టూల్) ఇచ్చేయండి, సెర్చ్ ఇంజన్లకి సూచనలుండే రోబోట్స్ ఫైల్లో అదే అడ్రసుతో ఒక లైను వేయండి. అంతే, పైసా ఖర్చుండదు.

సిరిపురం_కోడర్: గ్యారంటీ అన్నాడంటేనే నమ్మక్కర్లేదు. సైట్‌మ్యాప్ అంటే శుభలేఖ లాంటిది. పంపాం కాబట్టి వచ్చి తీరతారని లేదు, వచ్చినా మనకి పెద్దపీట వేస్తారని అసలే లేదు. ర్యాంకు దాంతో పెరగదు. ఐదొందల పేజీల్లోపు సైటుకి లోపల లింకులు సరిగ్గా ఉంటే సైట్‌మ్యాప్ లేకపోయినా నడిచిపోతుందని గూగులే చెబుతోంది. ఇంతకీ హోమ్ పేజీ నుంచి ఆ ట్రిప్పు పేజీలకి ఎలా వెళ్తారు?

సెక్టార్9: పైన ఒక బాక్స్ ఉంటుంది సార్. ఊరు, తేదీ ఎంచుకుని 'వెతకండి' నొక్కితే పేజీ వస్తుంది. మెనూలో హోమ్, మా గురించి, కాంటాక్ట్ ఉన్నాయి.

సిరిపురం_కోడర్: అదీ సంగతి. గూగుల్ బాట్ (సైట్లు తిరిగి పేజీలు చదివే గూగుల్ ప్రోగ్రామ్) మీ బాక్సులో లంబసింగి ఎంచుకుని తేదీ వేసి బటన్ నొక్కదు. మామూలు లింకులు పట్టుకునే వెళ్తుంది. సైట్‌మ్యాప్ ఇస్తే పేజీల అడ్రసులు తెలుస్తాయి గానీ, సొంత సైటే ఎక్కడా లింకు ఇవ్వని పేజీ ముఖ్యమైనదని అది ఎందుకనుకుంటుంది? మెనూలో 'ట్రిప్పులు' పెట్టి, కింద అరకు వైపు, లంబసింగి వైపు, సిటీ లోపల అని విడగొట్టండి. బొర్రా గుహలు అరకు దారిలోనే కదా, ఆ రెండు పేజీలకీ ఒకదాన్నుంచి ఇంకోదానికి లింకు ఇవ్వండి.

భీమిలి_హోంస్టే: మేం కింద ఫుటర్‌లో 'అన్ని పేజీలు' అని ఒకటి పెట్టాం. అది గూగుల్ కోసం కాదు, మనుషుల కోసం. గది రేట్లు ఎక్కడున్నాయని పెద్దవాళ్ల ఫోన్లు తగ్గాయి.

గాజువాక_బోల్టులు: అరవై పేర్లు వరసగా పేరిస్తే ఎవరు చదువుతారండీ? మెనూ బాగుంటే చాలు. మా సైటులో తలనొప్పి వేరు. ఒకే బోల్టుకి సైజు, కోటింగ్ ఫిల్టర్లు మార్చినప్పుడల్లా కొత్త అడ్రసు పుట్టేది, అవన్నీ సైట్‌మ్యాప్‌లోకి ఎక్కేవి. ఒక ఫైల్లో 50,000 దాకా పడతాయి కదా అని నింపేయకూడదు. అసలు పేజీలే ఉంచి మిగతావి పీకించేశాం. ఇంకోటి, ఏ పేజీ ఎంత ముఖ్యమో సైట్‌మ్యాప్‌లో మనం వేసే ప్రయారిటీ అంకెల్ని గూగుల్ పట్టించుకోదు. పేజీ మార్చిన తేదీని చూస్తుంది గానీ, అది నిజమైతేనే. కొన్ని ప్లగిన్లు (సైటుకి తగిలించే అదనపు ప్రోగ్రాములు) రోజూ అన్ని పేజీలకీ ఇవాళ్టి తేదీ కొట్టేస్తాయి, చూసుకోండి.

సెక్టార్9: సెర్చ్ కన్సోల్ తెరిచా. చాలా పేజీలకి 'కనుగొన్నాం, ఇండెక్స్ చేయలేదు' అని ఉంది. ఓ పదింటికి మాత్రం 'క్రాల్ చేశాం, ఇండెక్స్ చేయలేదు' అంటోంది.

సిరిపురం_కోడర్: క్రాల్ అంటే వచ్చి పేజీ చదవడం, ఇండెక్స్ అంటే గూగుల్ తన జాబితాలో చేర్చుకోవడం. మొదటి రకం పేజీలకి గూగుల్ ఇంకా రాలేదు, లింకులు పెట్టాక చూడండి. రెండోది వచ్చి, చూసి, వద్దనుకున్నది. ఆ పదింటిలో ఊరి పేరు మార్చి అదే మ్యాటర్ వేశారా?

సెక్టార్9: డిజైనర్ అలాగే వేశాడు సార్. "ప్రకృతి అందాలకు నెలవు" అని అన్నిట్లోనూ ఉంది 😀

భీమిలి_హోంస్టే: ముందు మీ డ్రైవర్లని కూర్చోబెట్టండి. లంబసింగి మంచు చూడాలంటే వైజాగ్‌లో రాత్రి ఎన్నింటికి బయల్దేరాలి, నర్సీపట్నం దాటాక టీ ఎక్కడ దొరుకుతుంది, పెద్ద బండి ఎక్కడిదాకా వెళ్తుంది, ఇవి రాయండి. కస్టమర్లు ఫోన్ చేసి అడిగేవి ఇవే కదా.