అద్దెకి తెచ్చుకున్న స్కూబా సెట్‌కి మనం ఏమేం మార్చుకోవచ్చు?

ప్రశ్న:
అందరికీ నమస్తే అండి. ఓపెన్ వాటర్ కోర్సు (స్కూబా డైవింగ్‌లో మొదటి కోర్సు) అయిపోయింది, మాస్కు, డైవ్ కంప్యూటర్ మాత్రం కొనుక్కున్నా, మిగతాదంతా అద్దెకే. ఎక్కడ తీసుకున్నా ఆక్టోపస్ (గాలి అయిపోయినవాళ్లు నోట్లో పెట్టుకోవడానికి ఉండే స్పేర్‌ది) వదులుగా వేలాడుతూ అడుగున ఇసుకలో ఈడ్చుకుపోతోంది, ప్రెషర్ గేజ్ (సిలిండర్‌లో గాలి ఎంతుందో చూపించేది) కూడా అంతే. నేనే హుక్కులు, జిప్ టైలు పట్టుకెళ్లి కట్టుకోవచ్చా? ఇంకోటి, రెగ్యులేటర్‌లో (సిలిండర్ గాలిని మన నోటికి అందించేది) గాలి కాస్త గట్టిగా పీల్చాల్సి వస్తే లోపలి స్క్రూ తిప్పి లూజ్ చేసుకోవచ్చా?

జవాబు:
రెండోదే ముందు చెప్తానండి, దయచేసి ఆ స్క్రూ జోలికి వెళ్లొద్దు. సెకండ్ స్టేజ్ (రెగ్యులేటర్‌లో నోట్లో పెట్టుకునే భాగం) బయట చేత్తో తిప్పే నాబ్ ఉంటే అది మీకోసమే, హాయిగా తిప్పుకోండి. లోపలి స్ప్రింగ్ సంగతి వేరు, ఫస్ట్ స్టేజ్ (సిలిండర్‌కి బిగించే భాగం) నుంచి చుట్టూ ఉన్న ప్రెషర్ కన్నా సుమారు 9, 10 బార్లు ఎక్కువతో గాలి వస్తుంటే దాన్ని ఆపి ఉంచేది అదే, గేజ్ పెట్టి కొలవకుండా లూజ్ చేస్తే నీళ్లలో ఫ్రీ ఫ్లో (గాలి ఆగకుండా వచ్చేయడం) మొదలై సిలిండర్ నిమిషాల్లో ఖాళీ అయిపోతుంది. గట్టిగా పీల్చాల్సి వస్తోందంటే ముందు ప్రెషర్ గేజ్ చూస్తూ గబగబా నాలుగైదు సార్లు పీల్చండి, పీల్చినప్పుడల్లా ముల్లు కిందికి పడి మళ్లీ లేస్తోందంటే సిలిండర్ వాల్వ్ పూర్తిగా తెరుచుకోలేదు, లేదా ఫిల్టర్ మూసుకుపోయింది. వాల్వ్ పూర్తిగా తిప్పాక కూడా అలాగే ఉంటే, లేదా ముల్లు కదలకపోయినా పీల్చడం కష్టంగానే ఉంటే, వేరే సెట్ అడగండి, మొహమాటపడకండి.

ఇక ఆక్టోపస్. అది గడ్డం నుంచి పక్కటెముకల దాకా ఉండే త్రికోణంలోనే ఎక్కడో ఒకచోట ఉండాలి, గాలి అయిపోయినవాడు మన ఎదురుగా వచ్చి అక్కడే వెతుకుతాడు. బీసీడీ (గాలి నింపుకునే జాకెట్) డీ రింగుకి ఒక బంగీ (సాగే తాడు) ముక్క లూప్‌లా కట్టి హోస్‌ని మడిచి అందులో దూర్చండి, ఒక్క లాగుకి ఊడిరావాలి. దీనికి జిప్ టై మాత్రం ఎట్టి పరిస్థితుల్లో వద్దు, హుక్కు కూడా వద్దు, ఊపిరాడని మనిషి హుక్కు తీస్తూ కూర్చోలేడు. గేజ్‌కి హుక్కు పర్లేదు, కాకపోతే హోస్‌కి సన్నటి తాడుతో కట్టండి, ఎక్కడైనా ఇరుక్కుంటే కత్తితో కోసెయ్యొచ్చు, ఇనుముకి ఇనుము తగిలిస్తే కోయడం కుదరదు.

ప్రశ్న అడిగినవారు:
థాంక్స్ అండి. కొంతమంది ఆక్టోపస్‌ని మెడకి నెక్లెస్‌లా వేసుకుంటారు కదా, అలా చేస్తే ఇంకా సేఫ్ కాదా?

జవాబు:
ఆ పద్ధతి మంచిదే, కానీ అందులో మన నోట్లో ఉన్న రెగ్యులేటర్‌ని అవతలివాళ్లకి ఇచ్చి మెడలోది మనం తీసుకుంటాం, అందుకే దానికి నోట్లోదాని హోస్ పొడుగ్గా ఉండాలి. అద్దె సెట్లలో మామూలుగా ఉల్టా ఉంటుంది, నోట్లోది పొట్టి, పసుప్పచ్చ ఆక్టోపస్‌దే సుమారు మీటరు. ఆ పొట్టి హోస్ ఇస్తే ఇద్దరూ మొహాలు ఆనించుకుని పైకి రావాల్సిందే. పైగా బడ్డీ (మనతో జోడీగా దిగే డైవర్) నేర్చుకున్నది పసుప్పచ్చది చూసి పట్టుకోమని. సగం ఆ పద్ధతి, సగం ఈ పద్ధతి కలిపితేనే ప్రమాదం.

ఇంకొకరు:
మౌత్‌పీస్ గురించి ఎవరూ అనలేదు. నేనైతే సొంతది పట్టుకెళ్తా, షాపువాళ్లకి చెప్పి వాళ్ల ముందే మారుస్తా, జిప్ టై ఇక్కడ తప్పనిసరి, అది లేకపోతే రెగ్యులేటర్ ఊడిపోయి రబ్బరు ముక్క ఒక్కటే నోట్లో మిగులుతుంది. కోసిన కొస పెదవికి గీసుకోకుండా పక్కకి తిప్పండి. తర్వాత సిలిండర్ వాల్వ్ మూసేసి, హోసుల్లో గాలి వదిలేసి మెల్లగా పీల్చి చూడండి, ఏమీ రాకూడదు, గాలి వస్తోందంటే ఎక్కడో సందు ఉంది, నీళ్లలో అక్కడినుంచే నీళ్లు వస్తాయి.

ఇంకో మాట, సిలిండర్ బెల్టు బిగించే ముందు తడపండి. నైలాన్ తడిస్తే సాగుతుంది, పొడిగా బిగిస్తే నీళ్లలో సిలిండర్ జారుతుంది. బీసీడీ బటన్ ఇరుక్కుని దానంతటదే ఉబ్బిపోతే ఇన్‌ఫ్లేటర్ హోస్ (జాకెట్‌లోకి గాలి పంపేది) పీకెయ్యాలి, అది చేత్తో ఊడుతోందో లేదో ఒడ్డు మీదే పీకి చూసుకోండి, ఉప్పు పట్టి బిగుసుకుపోయినవి చాలా ఉంటాయి.

మొదట జవాబిచ్చినవారు:
అవునండి, కరెక్ట్. మౌత్‌పీస్ తప్ప గాలి వెళ్లే దారి ఏదీ మనం విప్పకూడదు, తగిలించినవి పనిముట్లు లేకుండా ఊడాలి. దూకే ముందు మీ బంగీ ఎక్కడుందో బడ్డీకి చూపించి ఆక్టోపస్‌ని తననే లాగమనండి, తిరిగిచ్చేటప్పుడు మీవన్నీ తీసేసుకోండి.