అప్‌డేట్: ఆ అమెరికా కరెంటు ట్రక్కు ఫోటోలు గుంటూరు మిర్చి యార్డులో చూపించా

పోయిన నెల అడిగాను కదా, అమెరికాలో స్లేట్ అనే కంపెనీ 2025 ఏప్రిల్‌లో చూపించిన చవక ఎలక్ట్రిక్ పికప్ లాంటిది మన దగ్గరకొస్తే ఎవరైనా కొంటారా అని. స్క్రీన్ లేదు, రేడియో లేదు, రంగు కూడా వెయ్యరు, రెండే సీట్లు, కిటికీ అద్దాలు చేత్తో తిప్పుకోవాలి. ఇక్కడ వాదించేకంటే యార్డులో అడగమన్నారు, సరేనని మా బాబాయ్‌తో వెళ్లా.

అద్దం హ్యాండిల్ చూసి ఒక్కరూ ఆశ్చర్యపోలేదు. ఒక మినీ ట్రక్కు డ్రైవరన్న తన బండిలో హ్యాండిల్ ఊడిపోతే కటింగ్ ప్లేయర్‌తో అద్దం దించుతున్నాడు, అది చూపించి "మనదే అడ్వాన్స్‌డ్ మోడల్" అన్నాడు.

అందరిదీ ఒకటే ప్రశ్న, లోడెంత? సుమారు 650 కిలోలన్నాను. టిక్కీ (మిర్చి బస్తా) 45 కిలోలనుకుంటే పద్నాలుగు, అంతే, నవ్వేశారు. బాబాయ్ మాత్రం 240 కిలోమీటర్ల రేంజ్ విని ఆగాడు, ఎందుకంటే రోజుకి రెండుసార్లు తెనాలి వెళ్లొచ్చినా ఇంకా ఛార్జింగ్ మిగులుతుంది.

ధర చెప్పాక ఆ ఆసక్తీ పోయింది. మొదట్లో 20 వేల డాలర్ల లోపే అన్నది 7,500 డాలర్ల అమెరికా ప్రభుత్వ రాయితీ పోను, కానీ ఆ రాయితీ 2025 సెప్టెంబర్ 30తో ఆగిపోయింది. రాయితీ ఉన్నా మన డబ్బుల్లో 16 లక్షల పైమాటే.

"ఆ డబ్బుకి రెండు మినీ ట్రక్కులొస్తాయి, పాటలు కూడా వినొచ్చురా" అన్నాడు బాబాయ్.

అక్కడేమో రెండు వారాల్లో లక్ష దాటి బుకింగులు, కాకపోతే కట్టింది 50 డాలర్లే, అదీ వెనక్కిస్తారు. అలాగైతే నేనూ కడతాను!