స్మార్ట్‌షీట్‌లో మొదటి షీట్ ఎట్ల మొదలుపెట్టాల? ఆ ప్రైమరీ కాలమ్‌లో ఏం రాయాల?

బిందుసేద్యం_అనంత:
అన్నలూ, రవ్వంత దారి చూపియ్యండి. డ్రిప్ పైపులు వేసే కాంట్రాక్టర్ దగ్గర లెక్కలు రాసేది నా పని. ఇన్నాళ్లూ ఒక నోటుబుక్కు, ఒక ఎక్సెల్ ఫైలు, అంతే. ఇప్పుడు మా సారు స్మార్ట్‌షీట్ తీసుకున్నాడు, ఎక్సెల్ మాదిరి గళ్లుండే ఆన్‌లైన్ షీట్ అది, రేపట్నుంచి అంతా దీంట్లోనే అంటాడు. శింగనమల, గార్లదిన్నె, నార్పల కలిపి 64 మంది రైతులు. ఖాళీ షీట్ తెరవాల్నా, టెంప్లేట్ తీసుకోవాల్నా, ఉన్న ఎక్సెల్‌నే ఇంపోర్ట్ కొట్టాల్నా? ఇంగోటి, మొదటి కాలమ్ ప్రైమరీ అంట, డిలీట్ కొడితే పోదే! ఫిట్టర్లకు షేర్ చేసేది ఎట్లనో కూడా చెప్పండి.

నాపరాయి_యర్రగుంట్ల:
షేరింగ్ మాట వస్తే నా కడుపు మండుతాది. అందరికీ ఎడిటర్, అంటే మార్చే హక్కు, ఇయ్యొద్దు, ఇయ్యొద్దు, ఇయ్యొద్దు. మాది పాలిష్ యూనిట్. లారీ లోడు ఒక పేరెంట్ వరస, దాని కింద ఇండెంట్ చేసి సైజులన్నీ చైల్డ్ వరసలు. మా పిల్లోడు పై వరసలో ఒట్టి లారీ నంబరే ఉందని, పనికిరాని లైను అనుకొని డిలీట్ కొట్టినాడు. పేరెంట్ పోతే కింద పిల్లలన్నీ పోతాయని వానికి తెలీదు, నేనూ చెప్పలేదు. 41 వరసలు. ఎవరు తీసినారో యాక్టివిటీ లాగ్‌లో కనపడింది గానీ, కనపడి ఏం లాభం, మళ్లీ బిల్లులు ముందేసుకొని రాత్రి రెండు దాకా కొట్టినా. చూసేవాళ్లకు వ్యూయర్ ఇయ్యి, ముఖ్యమైన వరసలకు తాళం వెయ్యి. వరస మీద రైట్ క్లిక్ చేస్తే లాక్ ఉంటాది.

కొండారెడ్డి_బురుజు:
ప్రైమరీ కాలమ్ ఎవరు డిలీట్ చేసినా పోదు, దాని టైపు కూడా మారదు, టెక్స్ట్-నంబర్ అంతే. దాంట్లో రైతు పేరు మాత్రం పెట్టొద్దు. సర్వే నంబరు పెట్టు. పేర్లు మారిపోతాయి, పొలం యాడికీ పోదు.

వేరుశనగ_కళ్యాణదుర్గం:
సర్వే నంబరా!! అన్నా, ఆ దెబ్బ నేను తిన్నా. ఎక్సెల్‌లో 5-2 అని కొడితే అది తేదీ అనుకుంటాది. ముందే కాలమ్‌ను టెక్స్ట్ చేసుకోలేదు, నాదే తప్పు, 12 దాకా ఉన్న నంబర్లన్నీ తేదీలైపోయినాయి, 112-2 లాంటివి మాత్రం సుబ్బరంగా ఉన్నాయి, అందుకే వెంటనే కనిపెట్టలేదు. ఆ ఫైలునే ఇంపోర్ట్ చేసినా. 5-2 యాడుందిరా అని వెతికితే ఎట్ల దొరుకుతాది? తమ్ముడూ, ఇంపోర్ట్ చేసేముందు ఎక్సెల్‌లోనే చూసుకో.

షీట్_మాస్టర్:
ఇది ప్రపంచం మొత్తం ఉన్న తలనొప్పే. ఎక్సెల్ తేదీలుగా మార్చేస్తోందని 2020లో ఏకంగా మనిషి జన్యువుల పేర్లే మార్చుకున్నారు, మార్చ్1, సెప్ట్1 లాంటివి. నేను బెంగళూరులో తొమ్మిదేళ్లు ప్రాజెక్టు ఆఫీసులో చేసిన అనుభవంతో చెప్తున్నా, పేరూ వద్దు సర్వే నంబరూ వద్దు. ప్రైమరీలో పని పేరు రాయాలి, పక్కన ప్రతి వరసకీ దానంతట అదే నంబరు వేసే ఆటో నంబర్ కాలమ్ పెట్టాలి, మిగతావన్నీ వేరే కాలమ్‌లు. ఇది బేసిక్స్. ఇంకా ఎక్సెల్ ఫార్ములాలు ఇంపోర్ట్‌లో రావు, విలువలే వస్తాయి. ఇక్కడ సగం మందికి అది కూడా తెలిసినట్టు లేదు.

కొండారెడ్డి_బురుజు:
తొమ్మిదేళ్లు ఏసీలో కూర్చున్నోనికి పొలం గట్టు తెలుస్తాదా సామీ. ఫిట్టరు ఫోన్ చేసి "అన్నా 5-2 కాడ ఉండా, వాల్వు ఏ సైజు" అంటాడు, "అన్నా ఆటో నంబర్ 37 కాడ ఉండా" అంటాడా?

షీట్_మాస్టర్:
అందుకే సర్వే నంబర్‌కి కాలమ్ పెట్టి ఫిల్టర్ వేసుకోమన్నా. చదవకుండా కొట్లాటకి రావద్దు.

చిత్రావతి_ఒడ్డు:
రీసర్వే అయిన ఊర్లలో పాత సర్వే నంబరు యాడుందప్పా, కొత్తగా ఇచ్చిన ఎల్పీఎం నంబరు కదా. పొలం యాడికీ పోదంటివి, నంబరు పాయ చూడు 😄

కొండారెడ్డి_బురుజు:
రెండూ రాసుకుంటారు. 400 కాలమ్‌లు పట్టే షీట్‌లో రెండు కాలమ్‌లకు కరువా?

నాపరాయి_యర్రగుంట్ల:
400 ఉన్నాయని 400 నింపొద్దు నాయనా, మొత్తం 5 లక్షల సెల్స్ దాటకూడదు. వరసలు 20,000.

వేరుశనగ_కళ్యాణదుర్గం:
64 మంది రైతులకు 20,000 వరసల గురించి మాట్లాడతాండారు చూడు. అది వదిలిపెట్టండి, నాకు ఒకటి చెప్పండి, నేను ఏప్రిల్ 3 అని 3/4 కొడితే మార్చి 4 పడతాది ఎందుకు?

చిత్రావతి_ఒడ్డు:
నీ అకౌంట్ అమెరికా లెక్కలో ఉంది, వాళ్లకు నెల ముందు. పర్సనల్ సెట్టింగ్స్‌లోకి పోయి ప్రాంతం మార్చుకో, ఇంగ్లాండ్ ఇంగ్లీష్ పెట్టుకుంటే తేదీ ముందొస్తాది. ఎవరి అకౌంట్‌లో వాళ్లే మార్చుకోవాల, నీది మారిస్తే మీ సారుది మారదు.

కంది_బేడలు:
మా కాడ తేదీలతో ఇంగో గోల. ఒక పనికి ఇంగో పనిని ముడిపెట్టే డిపెండెన్సీలు ఆన్ చేసినాము, నాలుగు రోజుల పని గురువారం మొదలుపెడితే మంగళవారం దాకా పోతాది! శని ఆదివారాలు సెలవని వదిలేస్తాది. మా కూలోళ్లకు ఆదివారమే పని ఎక్కువ, శుక్రవారం సంత. ప్రాజెక్టు సెట్టింగ్స్‌లో పని దినాలు మార్చుకున్నాంక సరిపోయింది. పేరెంట్ వరసలో తేదీ కొట్టనీలేదని మా మేనేజర్ ఫోన్ పగలగొట్టబోయినాడు. అది కింద పిల్లల తేదీలను బట్టి దానంతట అదే వేసుకుంటాది, ఆయనకు చెప్పేలోపల మూడు టీలు అయినాయి.

బిందుసేద్యం_అనంత:
అయితే అన్నా, పీవీసీ జాయింట్లకు సొల్యూషన్ పూసినాక ఒక రోజు ఆరబెడతాం కదా, అప్పుడే నీళ్లు వదిలేది. అది ఎట్ల రాయాల?

కంది_బేడలు:
నీళ్లు వదిలే వరసలో ప్రెడెసెసర్ కాలమ్ ఉంటాది కదా, దాంట్లో పైపు జాయింట్ల వరస నంబరు, ఎఫ్ఎస్, ప్లస్ ఒక డి. ఎఫ్ఎస్ అంటే అది అయినాకే ఇది మొదలు, డి అంటే రోజు. జాయింట్ పని నాలుగు రోజులు లేటైతే ఇది కూడా దానంతట అదే జరుగుతాది. మొత్తం మింద నాకు నచ్చింది ఇదొక్కటే.

షీట్_మాస్టర్:
ఎఫ్ఎస్ ఒక్కటే కాదు, ఎస్ఎస్, ఎఫ్ఎఫ్, ఎస్ఎఫ్ కూడా ఉన్నాయి. వివరంగా రాస్తాను కావాలంటే.

కొండారెడ్డి_బురుజు:
వద్దు.

నాపరాయి_యర్రగుంట్ల:
ఇంతకీ వాడు అడిగింది ఖాళీ షీటా టెంప్లేటా అని. ఎవరన్నా చెప్పినారా?

చిత్రావతి_ఒడ్డు:
ఖాళీది తెరువు తమ్ముడూ. టెంప్లేట్లు చూడను బాగుంటాయి గానీ అందులో వాళ్ల కాలమ్‌లు తీసేసేదానికే ఒక పూట పోతాది. ముందు ఒక్క రైతుది పూర్తిగా కొట్టు, కాలువ తవ్వకం నుంచి ఫిల్టర్ బిగించేదాకా. అది సరిపోయిందనుకుంటే మిగతా 63 చెయ్యి.

బిందుసేద్యం_అనంత:
అట్లనే మొదలుపెట్టినా. పేరెంట్ వరసలో రైతు పేరే రాస్తాండా, బురుజన్న తిట్టుకున్నా సరే, సారుకు పేర్లే తెలుసు. చిక్కేమంటే మా లిస్టులో ఎర్రిస్వాములు ఏడుమంది ఉండారు, నాయన పేరు కూడా పక్కన రాసినా. ఇద్దరికి అది కూడా ఒకటే.

కొండారెడ్డి_బురుజు:
సర్వే నంబరు.