పిల్లి పిల్లా, కోతి పిల్లా? ఎదుగుదల మన సాధన వల్లా, ఆయన దయ వల్లా?

సాధకురాలు:
11 ఏళ్లుగా జపం లెక్క ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటున్నాను. మాలకో నిలువు గీత, ఐదో మాలకు అడ్డంగా కొట్టివేత. మొన్న అమ్మను ఆసుపత్రిలో చేర్చి 19 రోజులు మంచం పక్కనే ఉన్నాను. ఇంటికొచ్చి ఆ ఖాళీ పేజీ చూసి ఏడ్చేశాను. అమ్మ క్షేమంగా ఇల్లు చేరిందన్న సంతోషం కన్నా లెక్క తప్పిందన్న బాధే ఎక్కువైంది. అప్పటి నుంచి నా మీద నాకే అనుమానం. ఇన్నేళ్లూ పెరిగింది భక్తా, లెక్కా?

శ్రీవైష్ణవంలో ఈ వాదం పాతదే కదా. కోతి పిల్ల తల్లిని తానే పట్టుకోవాలి, పిల్లి పిల్లను తల్లే నోట కరుచుకుపోతుంది. వడగలై శాఖ వారిది మొదటి పోలిక, తెంగలై శాఖ వారిది రెండోది. మీరు ఎటు?

అహోబిలం దారి:
నేను కోతి పిల్ల వైపే అమ్మా. గీత ఆరో అధ్యాయంలో స్వామి "ఉద్ధరేదాత్మనాత్మానం" అన్నాడు, నిన్ను నువ్వే పైకి తెచ్చుకో అని. వడగలై వారి ఆచార్యులు వేదాంత దేశికులు కూడా మన ప్రయత్నంతో మోక్షం కొనుక్కోవచ్చని అనలేదు. శరణాగతి ఒక వ్యాజం, అంటే దయ చూపడానికి ఆయనకు దొరికే సాకు. ఆ సాకైనా మనం ఇవ్వాలి. గజేంద్రుడినే చూడండి. మొసలి నోట చిక్కి చేసిన ప్రార్థన అప్పటికప్పుడు పుట్టలేదు. ఇంద్రద్యుమ్నుడిగా గతజన్మలో నేర్చిన జపమే అక్కరకొచ్చింది.

రేపల్లె వాసి:
గజేంద్రుడి పేరు మీరే ఎత్తారు కాబట్టి అక్కడే మాట్లాడుకుందాం. ఆ జపం వచ్చినవాడే వేయేళ్లు సొంత బలంతో గుంజుకున్నాడు. ఒక్క అడుగు గట్టెక్కాడా? పోతనగారు శరణు వేడే పద్యంలో అతని నోట ముందు పలికించింది "లావొక్కింతయు లేదు" అనే. ఆ తర్వాతే "నీవే తప్ప నితఃపరం బెరుగ". చేసిన సాధన చిట్టా ఆ పద్యంలో ఎక్కడా చదవలేదు.

మా ఇంట్లో పిల్లి అటక మీద ఈనింది. వాన పడి అటక కారుతుంటే పిల్లల్ని ఒక్కొక్కటిగా బియ్యం బస్తాల గదిలోకి మార్చింది. మెడ మీద తోలు పట్టుకోగానే పిల్ల ఒళ్లు వదిలేసి, వెనక కాళ్లు కడుపులోకి ముడుచుకునేది. ఒకటి మాత్రం గింజుకుంది. తల్లి దాన్ని రెండుసార్లు కింద పెట్టి, మళ్లీ పట్టుకుంది. వదిలేసి మాత్రం పోలేదు. తెంగలై వారి ఆచార్యులు పిళ్లై లోకాచార్యులు చెప్పింది నాకు ఆ రోజు అర్థమైంది: ఆయన దయకు మన వైపు నుంచి కారణం అక్కర్లేదు, మనం అడ్డుపడకపోతే చాలు.

సాధకురాలు గారూ, ఆ 19 రోజులూ మీరు అమ్మకు మందులేసి, ఒళ్లు తుడిచి ఉంటారు. అది ఖాళీ అని ఎవరన్నారు? నోట్‌బుక్కే కదా.

అహోబిలం దారి:
పిల్లి మాట బాగుంది, మనసుకు తగిలింది కూడా. కానీ నా భయం వేరు. "అంతా ఆయనే చూసుకుంటాడు" అంటూ సంధ్య మానేసిన వాళ్లను మా ఇంట్లోనే చూశాను. వాళ్లలో శరణాగతి కనపడలేదు, బద్ధకం కనపడింది. అన్నమయ్య శరణన్నవాడే, అయినా రోజుకొక సంకీర్తన తగ్గకుండా రాశాడని ఆయన మనవడు చెప్పాడు. ఆ నియమం ఎందుకు మరి?

రేపల్లె వాసి:
అది కైంకర్యం అండీ, స్వామికి ప్రేమతో చేసే సేవ. ఎక్కడానికి వేసుకున్న మెట్టు కాదు. పాడకపోతే స్వామి వదిలేస్తాడన్న భయంతో పాడలేదు, ఆయన సొంతమయ్యాక పాడకుండా ఉండలేకపోయాడు. బద్ధకం గురించి మీరన్నది మాత్రం ఒప్పుకుంటాను. ఏది శరణాగతో ఏది సోమరితనమో బయటివాళ్లు తేల్చలేరు, లోపలున్న మనిషే నిజాయితీగా చూసుకోవాలి.

సాధకురాలు:
ఇద్దరికీ నమస్కారం. ఈ పొద్దున లెక్క రాయకుండా కూర్చున్నాను. మూడో మాల దగ్గరే చెయ్యి పెన్ను కోసం వెతికింది. పక్క గదిలోంచి అమ్మ మంచినీళ్లు అడిగితే మాల పక్కన పెట్టి లేచాను. తిరిగొచ్చాక ఎన్నో మాలలో ఉన్నానో గుర్తు రాలేదు, మళ్లీ నామంతోనే మొదలుపెట్టాను.