సిమ్యులేటర్‌లో సెస్నా 172 విమానం బాగానే దిగుతోంది. అసలు విమానంలో ఏది అక్కరకొస్తుంది, ఏది అడ్డమొస్తుంది?

రన్‌వే09 (ప్రశ్న)

త్వరలో సెస్నా 172ఎస్ మీద శిక్షణ మొదలుపెడుతున్నాను. ఇంట్లో మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్, మెలితిప్పితే రడ్డర్ (ముక్కును పక్కకు తిప్పే తోక పలక) కదిలే మామూలు జాయ్‌స్టిక్, ఒక్క మానిటర్ ఉన్నాయి. సర్క్యూట్లు (లేచి రన్‌వే చుట్టూ తిరిగి దిగడం), ఐఎల్‌ఎస్ అప్రోచ్‌లు (రేడియో సంకేతాలను పట్టుకుని రన్‌వేకి రావడం) చేస్తుంటాను. ఈ అలవాట్లలో వేటిని ముందే వదిలించుకోవాలి? రడ్డర్ పెడల్స్ కొనడం అవసరమా, దండగా? "రెండూ వేరు వేరు బాబూ" అని తేల్చెయ్యకుండా ఎక్కడెక్కడ వేరో చెప్పండి.

విండ్‌సాక్

ముందు కళ్ళ సంగతి. ఇంట్లో ఎగిరి వచ్చినవాళ్ళను ఇన్‌స్ట్రక్టర్ ఇట్టే పసిగడతారు, చూపంతా ప్యానెల్ మీదే ఉంటుంది. చిన్న తెర మీద దిగంతం కంటే అంకెలే స్పష్టంగా కనబడతాయి కాబట్టి ఆ అలవాటు పడుతుంది. విజువల్ ఫ్లయింగ్‌లో చూపు దాదాపు ఎప్పుడూ బయటే ఉండాలి. ముక్కుకూ దిగంతానికీ మధ్య ఎడం చూసి పిచ్ (ముక్కు ఎంత ఎత్తి ఉందన్నది) పట్టాలి, ఆ తర్వాత స్పీడు మీటర్ వైపు ఓ క్షణం. పిచ్ మార్చిన కొన్ని సెకన్లకు గానీ స్పీడు మారదు. ఆ సూదిని వెంటాడినంతసేపూ విమానం పైకీ కిందికీ ఊగుతూనే ఉంటుంది. ఇన్‌స్ట్రక్టర్ మీటర్ల మీద కాగితం కప్పేస్తే కంగారు పడకండి.

తర్వాత ట్రిమ్, అంటే యోక్ (విమానం స్టీరింగ్) మీద చేతికి తగిలే బరువును తీసేసే చిన్న చక్రం. అందరూ తేలిగ్గా తీసుకునేదీ, అందరినీ ఇబ్బంది పెట్టేదీ ఇదే. మీ జాయ్‌స్టిక్‌లో స్ప్రింగ్ ఉంది, వదిలితే నడిమికి వచ్చేస్తుంది. అందుకని ట్రిమ్ తిప్పేకొద్దీ స్టిక్‌ను కూడా సడలిస్తూ రావాలి. కొందరు ఏకంగా ట్రిమ్‌తోనే విమానం నడిపేస్తారు. 172లో వరస వేరు. యోక్‌తో పిచ్ పట్టండి, పవర్ పెట్టండి, స్పీడు కుదురుకునేదాకా ఆగండి. అప్పటికి చేతికి ఓ బరువు తగులుతుంటుంది. యోక్ కదపకుండా ఆ బరువు పోయేదాకా చక్రం తిప్పండి. వేళ్ళు వదిలినా ముక్కు అక్కడే నిలిస్తే ట్రిమ్ అయినట్టు. ఫ్లాప్ (రెక్క వెనక అంచున దించే పలక) దించినా, పవర్ తగ్గించినా మళ్ళీ ఇదే పని. పిడికిలి బిగించి పట్టుకుంటే ఆ బరువు తెలియనే తెలియదు, రెండు వేళ్ళూ బొటనవేలూ చాలు.

ఫ్లేర్ (నేల తాకే ముందు ముక్కెత్తి దిగుడు తగ్గించడం) విషయంలో సిమ్‌ను నమ్మకండి. ఫుల్ ఫ్లాప్‌తో ఫైనల్‌లో (రన్‌వేకి తిన్నగా వచ్చే చివరి భాగంలో) 65 నాట్లు పట్టి రావాలి. నేలకు 10, 15 అడుగులుండగా చూపు రన్‌వే ఆ చివరికి పోవాలి. అప్పుడు రన్‌వే అంచులు కంటి కొసల్లో విప్పారుతూ పైకి లేస్తున్నట్టుంటాయి. ఎత్తు తెలిసేది దానితోనే, ఒక్క మానిటర్‌లో ఆ కొసలే ఉండవు. స్పీడు సంగతి కూడా చూడండి. 65కు బదులు 75తో వస్తే పోగొట్టుకోవలసిన శక్తి మూడో వంతు పెరుగుతుంది, విమానం దిగకుండా తేలుతూ పోతుంది. విసుగొచ్చి ముక్కు కిందికి తోస్తే ముందు చక్రం తగిలి గెంతుతుంది, రెండో గెంతు మొదటిదాని కంటే పెద్దది. గెంతిన విమానాన్ని కొత్తవాళ్ళు బుజ్జగించకూడదు. ఫుల్ పవర్, గో అరౌండ్ (దిగడం మానేసి మళ్ళీ పైకి).

టెయిల్‌వీల్

పెడల్స్ కొనండి. అంతకంటే ముందు సెట్టింగ్స్‌లో ఆటో రడ్డర్ లాంటి సాయాలన్నీ ఆపెయ్యండి, అది ఖర్చు లేని పని.

నేల మీద 172ను నడిపేది కాళ్ళే. యోక్‌ను కారు స్టీరింగ్‌లా తిప్పితే ఐలెరాన్లు (విమానాన్ని ఒరిగించే రెక్కల పలకలు) కదులుతాయి, విమానం మాత్రం తిన్నగానే పోతుంది. పెడల్స్‌తో ముందు చక్రం చెరోవైపు 10 డిగ్రీలు తిరుగుతుంది, ఒకవైపు బ్రేక్ కూడా కలిపితే 30 దాకా. టేకాఫ్ పరుగులో మడమలు నేలకు ఆనించే ఉంచండి. పాదం పైకి జారితే తెలియకుండా బ్రేక్ తొక్కుతారు. ఫుల్ థ్రాటిల్‌లో ముక్కు ఎడమకు లాగుతుంది, కాబట్టి 74 నాట్ల క్లైంబ్ పొడుగునా కుడికాలికి పని ఉంటుంది.

పెడల్స్ కాళ్ళకు ఏది ఎప్పుడో నేర్పుతాయి, ఎంత అన్నది నేర్పవు. అసలు విమానంలో ఒళ్ళు పక్కకు జారుతున్నట్టు నడుముకే తెలుస్తుంది, సిమ్‌లో ప్యానెల్ మీద ఆ జారుడు చూపే బంతిని చూస్తే గానీ తెలియదు.

నీలం_పెట్రోల్

పైవాళ్ళు గాల్లో సంగతులు చెప్పారు, నేను నేల మీదవి చెబుతాను.

సిమ్‌లో ఇంజిన్ ఒక్క మీటతో అందుకుంటుంది. ఎండాకాలం ఫ్లైట్ ముగించి పావుగంట ఆపి మళ్ళీ స్టార్ట్ చేయబోతే, 172ఎస్‌లోని ఐఓ-360 ఇంజిన్ మొరాయిస్తుంది. కౌలింగ్ (ఇంజిన్ మూత) కింది వేడికి పైపుల్లో పెట్రోలు ఆవిరైపోవడమే కారణం. స్టార్టర్‌ను అదేపనిగా తిప్పితే కాలిపోతుంది. 10 సెకన్లు తిప్పి 20 సెకన్లు ఆగాలి, మూడు సార్లకీ అందుకోకపోతే 10 నిమిషాలు చల్లారనివ్వాలి.

రెండోది మాగ్నెటో (ప్లగ్గులకు నిప్పురవ్వ ఇచ్చేది, ఇంజిన్‌కు రెండుంటాయి) చెక్. 1800 ఆర్‌పీఎం దగ్గర ఒక్కో మాగ్నెటో మీదే నడిపినప్పుడు 150కి మించి పడకూడదు, రెండింటి మధ్య తేడా 50 దాటకూడదు. ఫుల్ రిచ్‌లో (గాలిలో పెట్రోలు పాలు ఎక్కువ పెట్టి) చాలాసేపు ట్యాక్సీ చేస్తే 100ఎల్ఎల్ పెట్రోల్లోని సీసం ప్లగ్గులకు పట్టి ఇంజిన్ దడదడలాడుతుంది. అందుకే నేల మీద మిక్స్చర్ లీన్ చేస్తారు, అంటే పెట్రోలు పాలు తగ్గిస్తారు. టేకాఫ్‌కు మళ్ళీ రిచ్ చేయడం మరవకూడదు.

172ఎస్‌లో ఫ్యూయెల్ డ్రెయిన్లు (పెట్రోలు నమూనా తీసే చిన్న వాల్వులు) 13. అన్నింటి నుంచీ కాస్త తీసి వెలుతురుకు పెట్టి చూడాలి, పెట్రోలు నీలంగా ఉంటుంది, నీళ్ళుంటే అడుగున బుడగలా నిలుస్తాయి. ఆయిల్ 5 క్వార్ట్‌లకు తగ్గితే ఎగరకూడదు. స్పీడు మీటర్‌కు గాలి అందించే పిటో గొట్టానికి కవర్ వెయ్యకపోతే కందిరీగ మట్టితో పూడ్చేస్తుంది, పరుగులో స్పీడు సూది లేవకపోవడం అలాంటి వాటి వల్లే. లేవకపోతే అక్కడే ఆపెయ్యడం.

ఇక ఎండ. బేగంపేట రన్‌వే సముద్రమట్టానికి దాదాపు 1,740 అడుగుల ఎత్తు. మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీలుంటే గాలి పలచబడి, విమానానికి అది 5,400 అడుగుల ఎత్తులాగే లెక్క. 180 హార్స్‌పవర్ ఇంజిన్ అప్పుడు ఇచ్చేది సుమారు 150. 55 నాట్లకే ముక్కెత్తుతారు, కానీ నేల మీద నిజమైన వేగం 60 దాకా ఉంటుంది, పరుగు సాగుతుంది. సిమ్‌లో వాతావరణం ఎప్పుడూ 15 డిగ్రీల దగ్గర పెట్టుకుంటే ఇది ఎప్పటికీ కనబడదు. 42 పెట్టి, నాలుగు సీట్లూ నింపి ఒకసారి చూడండి.

రన్‌వే09

థాంక్యూ అన్నలూ. ఐఎల్‌ఎస్ ప్రాక్టీసంతా వృథాయేనా? ఇంట్లో గంటలు లెక్కలోకి వస్తాయా?

విండ్‌సాక్

లెక్కలోకి రావు. డీజీసీఏ (విమానయాన నియంత్రణ సంస్థ) ఇచ్చే సీపీఎల్‌కు (కమర్షియల్ పైలట్ లైసెన్స్) 200 గంటలు కావాలి, అందులో 10 గంటల ఇన్‌స్ట్రుమెంట్ టైమ్‌లో 5 దాకా మాత్రమే సిమ్యులేటర్ మీద ఒప్పుకుంటారు, అదీ వాళ్ళు ఆమోదించిన దాని మీదే.

ఐఎల్‌ఎస్ వృథా కాదు. స్కాన్ (మీటర్లన్నీ వరసగా చూడడం), రేడియల్ (రేడియో స్టేషన్ నుంచి వెళ్ళే దిశ) పట్టుకోవడం, అప్రోచ్ ప్లేట్ (దిగే దారి పటం) చదవడం ఇవన్నీ అలాగే పనికొస్తాయి. సిమ్ మీకు ఇవ్వనిది లోపలి చెవి చేసే మోసం. మేఘంలో విమానం సెకనుకు రెండు డిగ్రీల కంటే నెమ్మదిగా ఒరిగితే ఒంటికి తెలియదు. దాన్ని సరిచేసినప్పుడు రెండోవైపుకు పడిపోతున్నట్టుంటుంది. మీటర్‌ను నమ్మి ఒంటిని నమ్మకపోవడం కుర్చీలో కూర్చుని రాదు. ఎయిర్‌లైన్ల ఫుల్ మోషన్ యంత్రాలు కూడా క్యాబిన్‌ను వెనక్కి వంచి వేగం పెరిగినట్టు భ్రమ కలిగిస్తాయి, 60 డిగ్రీలు ఒరిగి తిరిగే బ్యాంక్‌లో ఒంటి మీద పడే రెట్టింపు బరువును అవి కూడా ఇవ్వలేవు.

ఈలోగా సిమ్‌లో ఇవి చేయండి: ఆటోపైలట్ ఆపి, ప్యానెల్ దాచి సర్క్యూట్లు. చెక్‌లిస్ట్ గట్టిగా చదువుతూ చేత్తో స్విచ్ చూపించడం. రేడియోలో రన్‌వే, క్యూఎన్‌హెచ్ (ఎత్తు మీటర్‌కు పెట్టే గాలి పీడనం), స్క్వాక్ కోడ్ (రాడార్‌లో మీ విమానాన్ని గుర్తించే నంబరు) మూడూ తిరిగి చెప్పడం. ల్యాండింగులు మాత్రం లెక్కపెట్టకండి.